మ్యాటు కంటే ముందు వస్తాదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగం ఆటలకు పెట్టాలని మన సంఘం అనుకుంది. పిల్లలకు కుస్తీ నేర్పి, జిల్లా పోటీలు దాటి రాష్ట్రస్థాయికి పంపగలిగే ఏర్పాటు బడిలోనే చెయ్యాలని కొందరు మిత్రులు ప్రతిపాదించారు. దానికి రేకుల హాలు వెయ్యాలా, స్లాబు వెయ్యాలా, ఎంతవుతుంది అని లెక్క చెప్పమని నన్ను పిలిచారు. కట్టడాల పనిలో తల నెరిసినవాణ్ణి కాబట్టి హాలు గురించే మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. హాలు గురించి చివర్లో రెండు మాటలు చెబుతాను. ముందు మాట్లాడుకోవలసింది నేర్పే మనిషి గురించి. ఆ మనిషిని మన పెద్దలు వస్తాదు అన్నారు, మనం కోచ్ అంటున్నాం. నిధిలో మొదటి రూపాయి ఆ మనిషికి పోవాలి, గోడలకు చివరి రూపాయి పోవాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకో వివరిస్తాను.

కుస్తీ మనకు కొత్తదేమీ కాదు. మన పక్కనున్న పెనుకొండ 1565 తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయింది. అంతకు ముందే, 1520 ప్రాంతంలో, విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. రాయలు తెల్లవారక ముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒంటికి నూనె పట్టించుకుని, బరువులు ఎత్తి, కత్తి సాము చేసి, ఆ నూనె అంతా చెమటై పోయేదాకా కసరత్తు చేసి, తర్వాత తన మల్లుల్లో ఒకరితో కుస్తీ పట్టేవాడట. మహానవమి ఉత్సవాల్లో కుస్తీలు జరగడం గురించి కూడా పేస్ రాశాడు. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. అంతటి రాజుకు కూడా రోజూ ఎదురుగా నిలబడి పట్టు పట్టే మనిషి కావలసి వచ్చాడు. కుస్తీ ఒక్కడు కూర్చుని నేర్చుకునే విద్య కాదు.

ఇంకొంచెం దగ్గరకు వద్దాం. కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు వినని తెలుగువాడు ఉండడు. కలియుగ భీముడన్నారు, ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్న కథ మనకు గుర్తుంటుంది గానీ, అంతకు ముందు ఆయన చేసిన పని ఎక్కువమందికి గుర్తుండదు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్ తీసుకుని, తాను చదివిన విజయనగరం హైస్కూల్లోనే వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాడాయన. అంటే మన డ్రిల్లు సారు పోస్టు. అంత బలం ఉన్న మనిషి కూడా నేర్పడానికి విడిగా శిక్షణ తీసుకున్నాడు. బలం ఒక సంగతి, ఆ బలాన్ని ఇంకొకడికి నేర్పడం వేరే సంగతి.

మూడో ఉదాహరణ మనందరం జాగ్రత్తగా వినవలసినది. స్వతంత్ర భారతానికి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి వ్యక్తిగత పతకం తెచ్చినవాడు ఖాషాబా జాధవ్. మహారాష్ట్రలో సతారా జిల్లా, కరాడ్ దగ్గర గోలేశ్వర్ అనే పల్లె. కరాడ్‌లోని తిలక్ హైస్కూల్లో చదివాడు. మట్టి గోదాలో పెరిగిన పిల్లవాడు. 1948లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళినప్పుడు అతనికి మ్యాటు మీద ఆడే అలవాటు లేదు, అంతర్జాతీయ నియమాలూ కొత్తే. అక్కడ రీస్ గార్డ్‌నర్ అనే కోచ్, అంతకు ముందు అమెరికాలో చాంపియన్‌గా చేసినవాడు, అతనికి శిక్షణ ఇచ్చాడు. ఆ పోటీల్లో జాధవ్ ఆరో స్థానంలో నిలిచాడు. నాలుగేళ్ళ తర్వాత, 1952లో హెల్సింకిలో కాంస్యం గెలిచాడు. ఆ ప్రయాణానికి డబ్బు చాలకపోతే కొల్హాపూర్ రాజారాం కాలేజీలో అతని ప్రిన్సిపాల్‌గా ఉన్న ఖర్డేకర్ గారు తన ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు ఇచ్చారు.

ఈ కథలో హాలు ఎక్కడా లేదని గమనించండి. ఉన్నవి మూడు. పల్లె గోదా ఇచ్చిన ఒడుపు, నియమాలు తెలిసిన కోచ్, పిల్లవాడి కోసం ఇల్లు తాకట్టు పెట్టిన విద్యాసంస్థ పెద్ద. మొదటిది మన పల్లెల్లో ఉంది. మూడోది అయ్యే అవకాశం ఈ రోజు మన సంఘానికి వచ్చింది. మన దగ్గర లేనిది మధ్యలోది.

“కుస్తీ హర్యానా వాళ్ళది సార్, పాలు నెయ్యి తినేవాళ్ళది, కరువు సీమలో బక్కపలచని పిల్లలకు ఎందుకు?” అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. జాధవ్ పతకం గెలిచింది 57 కేజీల తరగతిలో. టోక్యోలో రవి దహియా రజతం గెలిచింది 57 కేజీల్లో. 2024 పారిస్‌లో అమన్ సెహ్రావత్ కాంస్యం గెలిచింది కూడా 57 కేజీల్లోనే. మన ఊరి బస్టాండులో నిలబడి చూస్తే ఆ బరువున్న కుర్రాళ్ళు ఎంతమంది కనిపిస్తారో మీకే తెలుసు. వాలీబాల్‌కు ఎత్తు కావాలి, బాస్కెట్‌బాల్‌కు ఇంకా ఎత్తు కావాలి. కుస్తీలో 45 కేజీల పిల్లవాడు తన బరువు తరగతి వాడితోనే తలపడతాడు. సన్నగా ఉన్నాడని పక్కన కూర్చోబెట్టని ఆట ఇది. నీళ్ళు పోసి పెంచవలసిన పచ్చిక మైదానమూ అక్కర్లేదు. తాగునీటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన ఊళ్ళకు అది చిన్న విషయం కాదు.

హర్యానాలో ఉన్నది నెయ్యి ఒక్కటే కాదు. అక్కడ నేర్పేవాళ్ళ గొలుసు ఉంది. ఢిల్లీలో గురు హనుమాన్ అఖాడాలో సత్పాల్ తయారయ్యాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన సత్పాల్ తర్వాత ఛత్రసాల్ స్టేడియంలో పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు. సుశీల్ కుమార్, రవి దహియా, అమన్ సెహ్రావత్ ముగ్గురూ ఆ ఛత్రసాల్ పిల్లలే. రవి తండ్రి కౌలు రైతు. రోజూ ఊరి నుంచి కొడుక్కి పాలూ పండ్లూ మోసుకెళ్ళి ఇచ్చేవాడు. భివానీ దగ్గర బలాలీ అనే పల్లెలో మహావీర్ ఫోగాట్ తన కూతుళ్ళకు మట్టి గోదాలోనే మొదలుపెట్టాడు. పెద్దమ్మాయి గీత 2010 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. నేర్చుకున్నవాడు ఊరికి తిరిగొచ్చి నేర్పాడు కాబట్టి గొలుసు తెగలేదు. మన దగ్గర ఆ గొలుసులో మొదటి కొక్కెం వెయ్యాలి.

మన నేల మీద కొత్త ఆట నాటుకోదని ఎవరైనా అంటే అనంతపురం చూపించండి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ గారి ఆర్డీటీ సంస్థ అక్కడ క్రీడా గ్రామం నడిపింది. 2010లో రఫేల్ నాదల్ ఫౌండేషన్‌తో కలిసి టెన్నిస్ పాఠశాల పెట్టింది. టెన్నిస్ రాకెట్ ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరూ చూడని పిల్లలు అక్కడ టెన్నిస్ ఆడారు. పక్కన నిలబడి చూపించే మనిషి రోజూ వచ్చాడు కాబట్టి ఆడగలిగారు.

ఇప్పుడు అసలు విషయం. మంచి కోచింగ్ అంటే ఏమిటి? అరిచేవాడు మంచి కోచా, కొట్టేవాడు మంచి కోచా, పతకాలున్నవాడు మంచి కోచా? నాకు తెలిసినంతలో ఒక లెక్కతో మొదలుపెడతాను.

ఇరవై మంది పిల్లలున్నారు, ఒక గంట టైముంది అనుకోండి. కోచ్ అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ఒక్కో జతను లోపలికి పిలిచి కుస్తీ పట్టిస్తే పది జతలకు గంట పంచాలి. ఒక్కో పిల్లవాడికి 6 నిమిషాలు. మిగతా 54 నిమిషాలు చూస్తూ కూర్చుంటాడు. అదే కోచ్ పది జతలనూ ఒకేసారి నిలబెట్టి, ఒకే పట్టు చెప్పి, నువ్వు పదిసార్లు, వాడు పదిసార్లు అని మార్చి మార్చి చేయిస్తే, విశ్రాంతికి పదిహేను నిమిషాలు తీసేసినా ఒక్కో పిల్లవాడికి 45 నిమిషాలు పని. అదే గంట, అదే నేల, అదే పిల్లలు. ఏడున్నర రెట్లు తేడా. వారానికి ఐదు రోజులు, ఏడాదికి నలభై వారాలు వేసుకుంటే మొదటి పద్ధతిలో 20 గంటలు, రెండో పద్ధతిలో 150 గంటలు. ఈ తేడా ఏ హాలూ ఇవ్వలేదు. దీనికి సిమెంటు బస్తా ఒక్కటి కూడా అక్కర్లేదు.

రెండోది, తక్కువ నేర్పి బాగా నేర్పడం. మొదటి ఏడాది పిల్లవాడికి నిలబడే తీరు, కాళ్ళు కదిపే తీరు, దెబ్బ తగలకుండా పడే తీరు, మెడకు బలం, ఎదుటివాడు కాళ్ళ మీదకు వస్తే నడుం వెనక్కి విసిరి తప్పించుకోవడం, తాను కాళ్ళ మీదకు వెళ్ళి పడగొట్టే పట్టు ఒకటి, ఇవి చాలు. ధోబీ పాట్, కలాజంగ్ లాంటి పెద్ద పట్లు పిల్లలకు మోజు. యూట్యూబులో చూసి అవే అడుగుతారు. మెడ గట్టిపడని పిల్లవాడితో ఎత్తి వేసే పట్లు చేయిస్తే వెన్నుకు ప్రమాదం. పునాది ఆరక ముందే పై అంతస్తు వెయ్యకూడదని నేను సైట్లో రోజూ చెప్పేదే.

మూడోది, పిల్లవాడికి ఇప్పటికే వచ్చింది గుర్తుపట్టడం. మన పిల్లలకు కబడ్డీ వచ్చు. కూతకొచ్చినవాడి మడమ పట్టడం, తొడలు కలిపి పట్టి లేపడం, నడుం పట్టి గీత అవతలికి పోనివ్వకుండా ఆపడం, ఇవన్నీ కుస్తీలో సగం చదువు. కబడ్డీలో బాగా పట్టేవాడు గోదాలోకి సగం నేర్చుకునే వస్తాడు. కోచ్‌కు ఆ కన్ను ఉంటే ఏడాది ఆదా అవుతుంది.

నాలుగోది, నియమాలు. ఊరి కుస్తీలో వీపు నేలకు తాకిస్తే గెలుపు, అంతే. మ్యాటు మీద అలా కాదు. తొమ్మిది మీటర్ల వ్యాసమున్న వలయంలో ఆడాలి. ఎదుటివాణ్ణి వలయం బయటికి తోస్తే ఒక పాయింటు. పడగొట్టి వెనక నుంచి అదుపులోకి తెచ్చుకుంటే రెండు. గాల్లోకి లేపి వీపు మీద వేస్తే నాలుగు. ఫ్రీస్టైల్‌లో పది పాయింట్ల తేడా వస్తే అక్కడితో ముగింపు. పెద్దల పోటీ మూడేసి నిమిషాల రెండు భాగాలు, మధ్యలో అర నిమిషం విశ్రాంతి. బస్తాలు మోసి రాయిలా గట్టిపడ్డ పల్లె కుర్రాడు, ఇవేవీ తెలియక, గీత దగ్గర నిలబడి ఒక్కో పాయింటు ఇచ్చుకుంటూ తనకంటే బలహీనుడి చేతిలో ఓడిపోతాడు. వాణ్ణి ఓడించింది ఎదుటివాడు కాదు, గీత సంగతి చెప్పేవాళ్ళు లేకపోవడం.

ఐదోది బరువు. ఇక్కడ నేను గట్టిగా మాట్లాడతాను, తల్లిదండ్రులు కూడా వినాలి. తక్కువ బరువు తరగతిలో ఆడితే సులభంగా గెలవచ్చని పిల్లలను పస్తు పెట్టి, నీళ్ళు మాన్పించి, ఎండలో స్వెట్టరు వేసి పరిగెత్తించే అలవాటు ఈ ఆటలో ఉంది. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్ళు ఇలా బరువు దించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతనే అక్కడ రబ్బరు సూట్లు, వేడి గదులు నిషేధించారు. హైస్కూళ్ళలో ఒంట్లో కొవ్వు అబ్బాయిలకు 7 శాతం, అమ్మాయిలకు 12 శాతం కంటే తగ్గే బరువుకు దిగనివ్వరు. వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం మించి తగ్గనివ్వరు. 50 కేజీల పిల్లవాడికి అది 750 గ్రాములు. 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫోగాట్ ఫైనల్ రోజు 100 గ్రాములు ఎక్కువ ఉందని అనర్హురాలైంది. డాక్టర్లు, నిపుణులు పక్కనున్న పెద్ద క్రీడాకారిణి పరిస్థితే అది. మన బడిలో పద్నాలుగేళ్ళ పిల్లలకు నియమం ఒక్కటే ఉండాలి. బరువు దించడం లేదు. ఎదిగే వయసు కాబట్టి బరువు పెరగాలి. పెరిగితే పై తరగతిలో ఆడతాడు. ఒక పోటీ ఓడిపోతే పోనీయండి.

తిండి విషయంలో మనం అనుకున్నంత పేదవాళ్ళం కాదు. వంద గ్రాముల శెనిక్కాయ పప్పులో 25 గ్రాముల దాకా మాంసకృత్తులుంటాయి. ఉలవల్లో 20 గ్రాములు దాటి ఉంటాయి. రాగుల్లో ఉన్నంత కాల్షియం బియ్యంలో లేదు. సంగటి, ఉలవచారు, శెనిక్కాయల చట్నీ తిని పెరిగినవాళ్ళం. బడిలో మధ్యాహ్న భోజనంతో గుడ్డు, చిక్కీ, రాగిజావ ఇస్తున్నారు. దీనికి తోడు సాధన అయ్యాక ఒక గ్లాసు పాలు, ఇంకో గుడ్డు సంఘం తరఫున ఇవ్వగలిగితే నెయ్యి గురించి ఎవరూ అడగరు. బడి వంట చేసే అక్కలతో ఈ మాట ముందే మాట్లాడుకోవాలి.

ఆరోది ఆడపిల్లలు. వాళ్ళు లేకుండా ఈ ఏర్పాటు పెట్టే పనైతే నా ఓటు లేదు. సాక్షి మలిక్ 2016లో రియోలో కాంస్యం గెలిచి ఎనిమిదేళ్ళు దాటింది. ఇంకా “ఆడపిల్లకు కుస్తీ ఏమిటి” అనే ఊరు మనదొక్కటే కాకపోవచ్చు గానీ, మనదీ ఒకటి. అయితే కుస్తీ ఒంటిని ఒళ్ళు తాకే ఆట. 2023లో దేశంలోని పెద్ద పెద్ద క్రీడాకారిణులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఎందుకు కూర్చున్నారో మనకు తెలుసు. అంతటి వాళ్ళకే రక్షణ లేదనిపించినప్పుడు మన ఎనిమిదో తరగతి అమ్మాయి సంగతేమిటి? కాబట్టి మహిళా శిక్షకురాలు గానీ, సాధన జరిగినంతసేపూ ఒక ఉపాధ్యాయిని గానీ అక్కడ ఉండాలి. ఏ కోచ్ ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఊరికి పోటీలకు వెళ్తే ఒక తల్లి తోడుండాలి. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో పిల్లలకు మొదటి రోజే తెలియాలి. పోక్సో చట్టం, 2012 ప్రకారం అలాంటి విషయం తెలిసి పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. ఈ నియమాలు కాగితం మీద రాసి, కోచ్ సంతకం తీసుకున్నాకే నియామకం ఇవ్వాలి.

ఏడోది, నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైనది, పిల్లలు నిలవడం. మన దగ్గర వానలు తప్పితే ఇంటిల్లిపాదీ బెంగళూరు పనులకు వెళ్ళిపోతారు. జూన్‌లో చేరిన పిల్లవాడు జనవరికి ఉండడు. ఉన్నవాడికి పదో తరగతిలో ఉదయం ఒక స్పెషల్ క్లాసు, సాయంత్రం ఒక స్పెషల్ క్లాసు. డ్రిల్లు పీరియడ్‌ను లెక్కల సారు తీసుకోవడం మా రోజుల్లోనే ఉంది. లెక్కల సారుకు కోపం రాకూడదు, ఆ పీరియడ్ల పుణ్యమే నా ఉద్యోగం. కానీ ఎనిమిదిలో మొదలుపెట్టి పదిలో ఆపేస్తే మిగిలేది రెండేళ్ళే. రెండేళ్ళలో కుస్తీ రాదు. ఆరో తరగతిలో మొదలుపెట్టాలి. పదో తరగతి పిల్లలకు వారానికి మూడు రోజులు, ముప్పావు గంట చొప్పున వదలాలని ప్రధానోపాధ్యాయులతో ముందే ఒప్పందం చేసుకోవాలి. వలస వెళ్ళే ఇంటి పిల్లవాణ్ణి హాస్టల్లో నిలపడానికి తల్లిదండ్రులతో మాట్లాడే పని కోచ్ ఒక్కడిది కాదు, సంఘంలో ఊళ్ళోనే ఉన్న మనవాళ్ళది.

అందుకే కోచ్ పనిని పతకాలతో కొలవవద్దని నా మనవి. మొదటి మూడేళ్ళు పతకాల గురించి ఎవరూ అడగకూడదు. ఒక్క రిజిస్టరు చూద్దాం. మొదటి ఏడాది చేరినవాళ్ళలో రెండో ఏడాది ఎంతమంది తిరిగొచ్చారు? గాయపడి మానేసినవాళ్ళు ఎంతమంది? ఆడపిల్లలు ఎంతమంది? చదువులో వెనకబడ్డవాళ్ళు ఎంతమంది? ఈ నాలుగు అంకెలు బాగుంటే పతకం దానంతటదే వస్తుంది. అవి బాగా లేకుండా ఒక పతకం వచ్చినా అది ఆ పిల్లవాడి గొప్పే గానీ మన ఏర్పాటు గొప్ప కాదు.

ఇక ఏం చెయ్యాలో చెబుతాను. మన వ్యాయామ ఉపాధ్యాయులు కుస్తీ నేర్పలేరా అంటే నేర్పగలరు, కాస్త శిక్షణ ఇప్పిస్తే. పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ, మనం ఎన్‌ఐఎస్ అనేది, 1961 నుంచి ఉంది. కోచ్‌లకు డిప్లొమా అక్కడ ఇస్తారు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. మన సారును గానీ, ఈ బడిలో చదివి వ్యాయామ విద్య పూర్తిచేసిన అమ్మాయిని గానీ అబ్బాయిని గానీ, ప్రయాణం ఖర్చు, ఫీజు, ఆ రోజులకు ఇంటి ఖర్చు ఇచ్చి అక్కడికి పంపుదాం. తిరిగొచ్చాక ఐదేళ్ళపాటు నెలనెలా గౌరవ వేతనం ఇద్దాం. ఐదేళ్ళు అని ముందే రాసిద్దాం. ఏడాదికోసారి దయ తలచి ఇచ్చే డబ్బుతో ఎవరూ బతుకును కట్టుకోలేరు. వచ్చే ఏడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియని మనిషి ఆరో తరగతి పిల్లవాడి మీద ఐదేళ్ళ ఓపిక పెట్టలేడు.

హాలు సంగతి. మొదటి రెండేళ్ళకు హాలు వద్దు, గోదా చాలు. మన ఎర్రమట్టి జల్లెడ పట్టి, రాళ్ళు ఏరి, మోకాలి లోతు గుంటలో పోసి, నువ్వుల నూనె, పసుపు కలిపి రోజూ తవ్వి తిప్పుతూ ఉంటే పిల్లలు పడడానికి మెత్తగా ఉంటుంది. పైన నాలుగు స్తంభాలు, రేకుల నీడ. ఎండాకాలం ఉదయం ఏడులోపు సాధన ముగించాలి. తాగే నీళ్ళకు డ్రమ్ము, కాళ్ళు కడుక్కోవడానికి కొళాయి. రెండో ఏడాది చివర్లో పిల్లలు నిలిచారని రిజిస్టరు చెబితే అప్పుడు మ్యాటు కొందాం. మ్యాటు వచ్చాక రోజూ తుడవడం ఒక పని. తుడవకపోతే పిల్లలకు తామర అంటుకుంటుంది. ఎవరు తుడుస్తారో రాసిపెట్టకుండా మ్యాటు కొనవద్దు. మూడో ఏడాది హాలు మాట మాట్లాడదాం. అప్పుడు డ్రాయింగులు నేనే గీస్తాను, సైటు మీద నేనే నిలబడతాను, ఫీజు అక్కర్లేదు.

మన మండలంలోనే పాలసముద్రంలో 2024 జనవరిలో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ప్రారంభమైంది. పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. మనం పుట్టి పెరిగిన నేల మీద పెద్ద పెద్ద కట్టడాలు లేచాయి, సంతోషం. వాటి గేటు దాటి లోపలికి వెళ్ళగలిగేది చేతిలో విద్య ఉన్న పిల్లవాడే. కట్టడాలు డబ్బుతో ఎవరైనా తెస్తారు. పిల్లవాడి పక్కన రోజూ నిలబడి నేర్పే మనిషిని తెచ్చే పని మాత్రం ఊరివాళ్ళదే.

ఆర్చి కడితే దాని మీద దాతల పేర్లు ఉంటాయి, హాలు కడితే శిలాఫలకం ఉంటుంది. కోచ్‌కు జీతం ఇస్తే మన పేర్లు ఎక్కడా ఉండవు. అది తెలిసే అడుగుతున్నాను. ఈ రోజు మధ్యాహ్నం కార్యవర్గ సమావేశంలో మూడు తీర్మానాలు పెట్టమని అధ్యక్షులను కోరుతున్నాను. ఒకటి, ఒకరిని శిక్షణకు పంపడం. రెండు, ఐదేళ్ళ గౌరవ వేతనానికి నిధిలో డబ్బు విడిగా డిపాజిట్ చేసి, ఇంకే పనికీ ముట్టుకోకుండా ఉండడం. మూడు, ఆడపిల్లల రక్షణ నియమాలు రాయడానికి మన ఉపాధ్యాయినులు, తల్లులతో చిన్న సంఘం వెయ్యడం. మొదటి ఏడాది వేతనంలో నా వాటా చెక్కు కోశాధికారి గారికి ఇచ్చే ఈ వేదిక ఎక్కాను.